‘ఐరానికల్లీ’ని ఎక్కడ వాడాలి, ఎక్కడ వదిలేయాలి

ఇంగ్లీషు రాతల్లోనూ మన మాటల మధ్యలోనూ ‘ఐరానికల్లీ’ అనే క్రియావిశేషణం తరచుగా వినిపిస్తున్నది గాని, దానిని ‘ఆశ్చర్యంగా’ అనో ‘దురదృష్టవశాత్తు’ అనో అనుకొని వాడేవారు చాలామంది ఉన్నారు. ఒక పని నుంచి ఏ ఫలితాన్ని ఆశిస్తామో సరిగ్గా దానికి ఎదురైనది జరిగినప్పుడు, ఆ వైపరీత్యాన్ని ఎత్తి చూపడానికే ఈ మాట ఉన్నది.

ఉదాహరణకు మనం దూరం పోనక్కర లేదు. కృష్ణా నది తెలంగాణలో అడుగుపెట్టేది ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోనే. దేశంలో ఎక్కడెక్కడో ఆనకట్టలు కట్టి, కాలువలు తవ్విన ‘పాలమూరు లేబర్’ బయలుదేరినదీ ఆ జిల్లా నుంచే. పరుల పొలాలకు నీళ్ళు పారించినవారి సొంత చేలు ఏళ్ళ తరబడి వానకోసం ఎదురుచూశాయని చెప్పేటప్పుడు ‘ఐరానికల్లీ’ నిక్కచ్చిగా సరిపోతుంది. నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీరు వదిలిన తరువాత కూడా అదే నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ వైపు పల్లెలు ఫ్లోరైడ్ నీళ్ళే తాగవలసి రావడం ఇటువంటిదే.

పెళ్ళిరోజున వాన పడితే అది దురదృష్టం మాత్రమే. నల్లగొండ గడియారం సెంటర్లో పాత మిత్రుడు అనుకోకుండా ఎదురైతే అది కాకతాళీయం. కరువు నివారణ గురించి పెట్టుకున్న సభ కుండపోత వానకు ఆగిపోతేనే ఈ మాటకు చోటు దొరుకుతుంది. కాబట్టి రాసే ముందు ‘ఇక్కడ ఏమి ఆశించాము, ఏది తలకిందులైంది?’ అని అడిగి చూడాలి; రెండో ప్రశ్నకు జవాబు తట్టకపోతే మాటను కొట్టివేయడమే మేలు.

వాక్యంలో దాని స్థానం కూడా అర్థాన్ని మారుస్తుంది. మొదట పెట్టి కామా ఇస్తే అది మొత్తం విషయం మీద రచయిత చేసే వ్యాఖ్య అవుతుంది. అనడం, నవ్వడం వంటి క్రియల పక్కన పెడితే మాట్లాడే తీరును చెబుతుంది: పని చెడగొట్టినవాడిని చూసి పెద్దమ్మ ‘మంచిగ చేసినవ్ పో బిడ్డా’ అన్నప్పుడు ఆమె ఐరానికల్లీ అన్నదన్నమాట. అక్కడ తెలుగులో ‘ఎత్తిపొడుపుగా’, ‘వెటకారంగా’ అనవచ్చు. మొదటి వాడుకకు మాత్రం ఆ మాటలు పనికిరావు.

ఆ మొదటి వాడుకను తెలుగు చేసేటప్పుడు పత్రికలు అలవాటుగా ‘విచిత్రమేమిటంటే’ అని రాస్తాయి. అందులో ఆశ్చర్యమే ఉంటుంది గాని ఎదురుబాటు పూర్తిగా పలకదు. ‘విడ్డూరం’లో కొంత నింద ఉంటుంది, ‘విధి వైచిత్రి’ అంటే తప్పంతా దేవుడి మీదకు పోతుంది. నా మటుకు ‘కాలువలు తవ్వినవాళ్ళ చేలకే నీళ్ళు లేవు’ అన్న వాక్యంలోని ఆ చిన్న ‘కే’ ఈ పనిని అన్నింటికన్నా బాగా చేస్తుంది.

ఉచ్చారణ సంగతి: స్పెల్లింగ్ చూసి చివర ‘కల్లీ’ అని సాగదీస్తాము గాని, ఇంగ్లీషువారు రెండో అక్షరం మీద ఒత్తుతో ‘ఐరానిక్లీ’ అని పలుకుతారు. ఇనుముకు చెప్పే ‘ఐరన్’తో దీనికి చుట్టరికం లేదు, దీని మూలం గ్రీకు నుంచి లాటిన్ మీదుగా వచ్చింది.