పెద్ద ఫాంటసీ మ్యాప్‌ని ప్రాంతాల మ్యాప్‌లుగా విడగొట్టాలంటే ముందు రేవులు చూసుకోండి

కథ కోసమో ఆట కోసమో ఒక దేశం మొత్తం ఊహించుకుని మ్యాప్ గీశారు, ఇప్పుడు ఒక్కో ప్రాంతానికీ విడిగా, వివరంగా ఇంకో మ్యాప్ కావాలి. గళ్ళు గీసి ముక్కలు కోసేద్దాం అనిపిస్తుంది. నేనూ మొదట అదే చేశాను. కోనసీమ వాణ్ణి కదా, నా దేశంలోనూ డెల్టా ఉంది. గడి గీత సరిగ్గా నది మధ్యలోంచి పోయింది, పంటు (నది దాటించే పెద్ద పడవ) ఎక్కే రేవు ఒక మ్యాప్‌లో, దిగే రేవు ఇంకో మ్యాప్‌లో పడ్డాయి.

మన దగ్గరే చూడండి. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది, వశిష్ఠలోంచి మళ్ళీ వైనతేయ విడిపోతుంది. నరసాపురం దగ్గర వశిష్ఠే జిల్లాల హద్దు, కానీ అక్కడ పంటు ఎక్కి సఖినేటిపల్లిలో దిగేవాళ్ళకి రెండు ఒడ్లూ ఒకటే లోకం. గౌతమి మీద కోటిపల్లి, ముక్తేశ్వరం కూడా అంతే. అందుకే ప్రాంతం అంచుని నదిలో పెట్టొద్దు. రెండు పాయల మధ్య పొలాల్లో పెట్టండి, కుదరకపోతే నది రెండు ఒడ్లతో సహా రెండు మ్యాప్‌ల్లోనూ వచ్చేలా చూడండి.

తర్వాత లెక్క. మీ పెద్ద మ్యాప్ 4000 × 3000 పిక్సెళ్ళు, దేశం 400 × 300 కిలోమీటర్లు అనుకుందాం, అంటే పిక్సెల్‌కి 100 మీటర్లు. అందులో 40 × 30 కిలోమీటర్ల ప్రాంతం తీస్తే వచ్చేది 400 × 300 పిక్సెళ్ళే. పదింతలు చేస్తే పిక్సెల్‌కి 10 మీటర్లు, కిలోమీటరు వెడల్పు నది 100 పిక్సెళ్ళు అవుతుంది. కోసేటప్పుడే, అంటే పదింతలు చేయకముందే, నాలుగు వైపులా 40 పిక్సెళ్ళు అదనంగా తీసుకోండి, ఈ అంచే తర్వాత పక్క మ్యాప్‌తో కలుపుతుంది.

పని జింప్ (GIMP) అనే బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో చెబుతాను, ఉచితం కాబట్టి. ముందు ఊళ్ళ పేర్లు, చెట్లు, కొండల గుర్తులు ఉన్న లేయర్లు (బొమ్మలోని పొరలు) కనబడకుండా చేయండి, లేకపోతే అవి మసకమసకగా బండరాళ్ళలా ఉబ్బుతాయి. ఇమేజ్ మెనూలో డూప్లికేట్ కొట్టి, ఆ కాపీ మీద దీర్ఘచతురస్రం సెలెక్షన్ టూల్ ఆప్షన్లలో స్థానం, సైజు అంకెలతోనే ఇవ్వండి, చేత్తో లాగొద్దు. ప్రాంతం ఎక్స్ 1200, వై 1850 దగ్గర మొదలైతే అదనపు అంచుతో కలిపి 1160, 1810 ఇవ్వాలి, సైజు 480 × 380. క్రాప్ టు సెలెక్షన్, ఆ తర్వాత స్కేల్ ఇమేజ్‌లో 4800 × 3800. ఆ ఎక్స్, వై అంకెలు ఫైల్ పేరులోనే రాసేయండి, నెల తర్వాత గుర్తుండవు.

ఇప్పుడు వచ్చిన మసక బొమ్మ మీ మ్యాప్ కాదు, కింద పెట్టుకునే ఆనవాలు మాత్రమే. దాని ఒపాసిటీ (ఎంత గట్టిగా కనబడాలో చెప్పే శాతం) 40కి తగ్గించి, లాక్ చేసి, పైన కొత్త లేయర్లలో తీరం, నీళ్ళు, రోడ్లు, పేర్లు మళ్ళీ గీయండి. అసలు ఆనందం ఇక్కడే ఉంది! పెద్ద మ్యాప్‌లో ఒక్క నీలం గీతగా ఉన్న పాయలో ఇప్పుడు లంకలు, ఇసుక మేటలు, ఏటిగట్టు కనబడాలి. గట్టు పక్క నేల ఎత్తు, లోపలికి పోయేకొద్దీ పల్లం, కాబట్టి సాగు కాలువని మెరక మీద నడిపించి మురుగు కాలువని పల్లంలో వేయండి. రెండూ ఒకేలా గీస్తే డెల్టా మనిషి ఇట్టే పట్టేస్తాడు. నది సముద్రంలో కలిసే మొగల్లో మడ చెట్లు, కోరంగి వైపు ఉన్నట్టు. గుర్తుల సైజు మాత్రం పదింతలు చేయకండి, కొబ్బరి చెట్టు ఊరంత అయిపోతుంది.

పూర్తయ్యాక కాపీ తీసి పదో వంతుకి తగ్గించి, ఫైల్ పేరులో ఉన్న ఎక్స్, వై దగ్గర పెద్ద మ్యాప్ మీద పెట్టి చూడండి. నది ఒకటి రెండు పిక్సెళ్ళు పక్కకి జరిగితే ఫరవాలేదు, అంతకు మించితే సరిచేయాలి. పక్క ప్రాంతం మొదలుపెట్టేటప్పుడు ఈ మ్యాప్‌లోంచి రెండింటికీ ఉమ్మడిగా ఉన్న 800 పిక్సెళ్ళ పట్టీని (ఇటు 40, అటు 40, దానికి పదింతలు) కాపీ చేసి అక్కడ అతికించి, నదిని అక్కణ్ణుంచే గీయడం మొదలుపెట్టండి.