ట్యాగులు ఎన్ని, ధర ఎంత: ఎల్క్ మందను బట్టి లెక్క కట్టే పద్ధతి

అమెరికా పడమటి రాష్ట్రాలలో ఎల్క్ (పెద్ద జాతి జింక), మ్యూల్ డియర్ (పెద్ద చెవుల జింక), ప్రాంగ్‌హార్న్ వంటి పెద్ద జంతువులను వేటాడాలంటే లైసెన్సు ఒక్కటే సాధారణంగా చాలదు. ఫలానా జంతువుకు, ఫలానా ప్రాంతంలో, ఫలానా తేదీలలో మాత్రమే చెల్లే ట్యాగు కూడా ఉండాలి. ఒక ట్యాగుకు ఒక జంతువే లెక్క. జంతువు పడిన వెంటనే ట్యాగు మీద తేదీ గుర్తించి దానిని కళేబరానికి కట్టాలన్నది పాతకాలం నుంచి వస్తున్న నియమం. వేట కోసం రాష్ట్రాన్ని యూనిట్లు అనే ప్రాంతాలుగా విభజిస్తారు. రాబోయే సీజనుకు ఏ యూనిట్‌లో ఎన్ని ట్యాగులు ఇవ్వాలో రాష్ట్ర వన్యప్రాణి శాఖ ప్రతిపాదిస్తుంది, ప్రజల అభిప్రాయం వింటుంది, ఆ తరువాత రాష్ట్ర వన్యప్రాణి కమిషన్ ఖరారు చేస్తుంది. ఆ అభిప్రాయ సేకరణలో మాట్లాడదలచిన వేటగాళ్ళకు, పశువుల మేత భూముల యజమానులకు, శాఖ ప్రకటించిన అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకోవాలనుకునే ప్రతి ఒక్కరికీ పనికివచ్చేలా ఆ లెక్కను ఇక్కడ మొదటి నుంచి వివరిస్తున్నాను.

లెక్కలో వరుస చాలా ముఖ్యం. ముందు మంద పరిస్థితి, తరువాత ఆడవాటి ట్యాగులు, తరువాత మగవాటి ట్యాగులు, ఆపైన ఎవరికెంత వాటా అన్న పంపకం, చిట్టచివర ధర. ఈ వరుసను తలకిందులు చేసి, శాఖకు ఇంత ఆదాయం కావాలి కాబట్టి ఇన్ని ట్యాగులు అమ్ముదాం అని మొదలుపెడితే నష్టపోయేది మంద, ఆ నష్టం పూడడానికి చాలా ఏళ్ళు పడుతుంది. సమావేశాలలో వాదోపవాదాలు ఎక్కువగా పంపకం, ధరల చుట్టూ సాగుతాయి గాని, మీ దృష్టిని ముందుగా మంద మీదే నిలపండి.

మందను చదవడం

మొదట ఆ మందకు శాఖ నిర్దేశించుకున్న లక్ష్య సంఖ్య ఎంతో చూడండి. శీతాకాలంలో మంచు తక్కువగా ఉండే దిగువ నేలలు ఎన్ని జంతువులను మేపగలవు, పొలాలకూ కంచెలకూ ఎంత నష్టం జరుగుతోంది, వేటగాళ్ళు ఎంతమేరకు అవకాశం కోరుతున్నారు అన్న మూడు విషయాల మధ్య కుదిరిన ఒప్పందమే ఆ సంఖ్య. వీటిలో మొదటిది మనం మార్చగలిగేది కాదు. అరిజోనాలోని కైబాబ్ పీఠభూమిని 1906లో సంరక్షణ ప్రాంతంగా ప్రకటించి, జింకల వేటను నిషేధించి, వాటిని వేటాడే ప్యూమాలనూ కయోటీలనూ పెద్ద ఎత్తున చంపించారు. జింకలు విపరీతంగా పెరిగి, మేతంతా కొరికేసి, 1920ల మధ్యలో ఆకలితో గుంపులు గుంపులుగా చనిపోయాయి. ఎన్ని చనిపోయాయన్న దాని మీద, ఏ కారణం పాత్ర ఎంత అన్న దాని మీద పరిశోధకులు ఇప్పటికీ ఏకాభిప్రాయానికి రాలేదు గాని, మేతకు మించిన మంద తన మేతను తానే నాశనం చేసుకుంటుందనడంలో సందేహం లేదు.

తరువాత వేట సీజను ముగిశాక జరిపే వర్గీకరణ సర్వే అడగండి. శీతాకాలంలో ఎల్క్ దిగువకు దిగి మంచు మీద స్పష్టంగా కనబడుతుంది కాబట్టి, హెలికాప్టర్ నుంచి మగ, ఆడ, పిల్ల అని విడివిడిగా లెక్కిస్తారు. పొట్టి ముఖం, చిన్న శరీరం చూసి పిల్లను తల్లి నుంచి వేరు చేస్తారు. రెండో ఏడు నడుస్తున్న మగదానికి సాధారణంగా కొమ్ములు చీలికలు లేకుండా నిటారుగా ఉంటాయి. పెద్ద మగవి చిన్న చిన్న గుంపులుగా చెట్ల చాటున ఉండిపోతాయి గనుక వాటి లెక్క అసలు కన్నా తక్కువగా పడే అవకాశం ఉంటుంది. అందుచేత ఒక్క ఏడాది నిష్పత్తిని (100 ఆడవాటికి ఎన్ని మగవి, ఎన్ని పిల్లలు అన్నదాన్ని) పట్టుకుని వాదించకండి, కనీసం మూడేళ్ళ సగటు అడగండి.

ఆడవాటి లెక్క

ఇది నా ఊహా ఉదాహరణ. ఒక యూనిట్‌లో 3,000 ఎల్క్ ఉన్నాయనీ, ప్రతి 100 ఆడవాటికి 20 మగవి, 30 పిల్లలు ఉన్నాయనీ అనుకుందాం. అంటే 2,000 ఆడవి, 400 మగవి, 600 పిల్లలు. మిగిలిన శీతాకాలాన్ని దాటి 100కు 85 పిల్లలు బతికితే 510 పిల్లలు మిగులుతాయి, వాటిలో సగం, అంటే 255, ఆడవి. పెద్ద ఆడవాటిలో వేటతో సంబంధం లేకుండా వ్యాధి, చలి, క్రూరమృగాలు, రోడ్డు ప్రమాదాల వల్ల ఏడాదికి 100కు 5 చనిపోతాయనుకుంటే 100 తగ్గుతాయి. మిగులు 155. మంద అసలు అయితే ఈ 155 వడ్డీ. అసలు తరగకుండా ఏటా తీసుకోగలిగింది అంతే.

అయితే 155ను నేరుగా ట్యాగుల సంఖ్యగా మార్చకూడదు. గాయపడి, వేటగాడికి దొరకకుండా పోయి చనిపోయేవి కొన్ని ఉంటాయి. చేతికి చిక్కిన ప్రతి పదింటికీ అలా పోయేది ఒకటి అనుకుంటే, మనం లక్ష్యంగా పెట్టుకోవలసిన వేట 140. ఇక ట్యాగు ఉన్న ప్రతివాడికీ జంతువు దొరకదు కదా. గత మూడేళ్ళలో ఆ యూనిట్‌లో ఆడ ఎల్క్ ట్యాగుల సఫలత 35 శాతం ఉంటే, 140ని 0.35తో భాగించగా 400 ట్యాగులు వస్తాయి. మంద లక్ష్యం 2,500 అయి, తగ్గించవలసిన అవసరం ఉంటే ట్యాగులు పెంచాలి. లక్ష్యం 3,500 అయితే తగ్గించాలి, చాలాచోట్ల పూర్తిగా ఆపేయాలి.

మందను పెంచేదీ తగ్గించేదీ ఆడవాటి ట్యాగులే అన్న సంగతిని ఎంత నొక్కి చెప్పినా తక్కువే. ఒక మగ ఎల్క్ ఎన్నో ఆడవాటితో జతకడుతుంది కాబట్టి మగవాటిని కొంత తగ్గించినంత మాత్రాన పుట్టే పిల్లల సంఖ్య పెద్దగా మారదు. ఆడ ఎల్క్ ఈతకు సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది, మ్యూల్ డియర్ తరచుగా కవలలను కంటుంది. అందువల్ల ఒక జాతికి సరిపోయిన శాతాన్ని మరో జాతికి అంటించకూడదు. పిల్లల నిష్పత్తి 30 నుంచి 20కి పడిపోయిన ఏడాది పై లెక్కను మళ్ళీ వేయండి: 400 పిల్లలలో 340 బతుకుతాయి, 170 ఆడవి, అందులోంచి 100 తీసేస్తే మిగులు 70 మాత్రమే. నిష్పత్తి మూడో వంతు తగ్గితే మిగులు సగానికి పైగా తగ్గింది. ట్యాగులు తగ్గించమని శాఖ కోరినప్పుడు అది అతిగా భయపడుతోందని చాలామంది అనుకోవడానికి కారణం ఈ లెక్క ఎప్పుడూ వేసి చూడకపోవడమే.

మగవాటి లెక్క

అదే యూనిట్‌లో 255 కుర్ర మగవి మందలో చేరతాయి. ఉన్న 400లో వేట కాకుండా 40 పోతాయనుకుంటే మిగులు 215, గాయపడి పోయేవి తీసివేస్తే దాదాపు 195 వేటాడవచ్చు. సఫలత 15 శాతం అయితే అది 1,300 ట్యాగులు, 25 శాతం అయితే 780. విల్లుతో వేటాడేవారి సఫలత రైఫిల్ వేటగాళ్ళ సఫలత కన్నా సాధారణంగా తక్కువ. కాబట్టి మందపై అదే భారంతో ఎక్కువమందికి అవకాశం ఇవ్వాలంటే విల్లు సీజనుకో, తక్కువ రోజుల సీజనుకో మొగ్గు చూపవచ్చు. పెద్ద కొమ్ముల మగవి ఎక్కువ కావాలంటే 100 ఆడవాటికి ఉండే మగవాటి లక్ష్యాన్ని 20 నుంచి 30కి పెంచి, ట్యాగులు బాగా తగ్గించాలి. ఇక్కడ శాస్త్రం చెప్పగలిగేది పరిమితం. ఎక్కువమంది వేటా, తక్కువమందికి గొప్ప వేటా అన్నది ప్రజలు తేల్చుకోవలసిన ఇష్టం. నా మట్టుకు నేను, కొన్ని యూనిట్లను మాత్రమే రెండో రకానికి వదిలి మిగిలినవన్నీ మామూలు కుటుంబాలకు తెరిచి ఉంచడమే న్యాయమని భావిస్తాను.

పంపకం, ధర

సంఖ్య తేలాకే రాష్ట్రవాసులకెంత, బయటివారికెంత అన్న ప్రశ్న రావాలి. ట్యాగుల కన్నా దరఖాస్తులు ఎక్కువైన చోట లాటరీ (డ్రా) తీస్తారు. న్యూ మెక్సికో డ్రాలో 84 శాతం ట్యాగులు రాష్ట్రవాసులకు, 10 శాతం అవుట్‌ఫిటర్‌తో (డబ్బు తీసుకుని వేటకు తీసుకెళ్ళే సంస్థతో) ఒప్పందం ఉన్నవారికి, 6 శాతం మిగిలిన బయటివారికి. మోంటానాలో బయటివారి జింక, ఎల్క్ ఉమ్మడి లైసెన్సులకు చట్టం పెట్టిన పరిమితి 17,000. కొలరాడో 2025 నుంచి బయటి రాష్ట్రాల విలుకాళ్ళకు ఎల్క్ ట్యాగులను కౌంటరులో అడిగినవారికల్లా అమ్మడం ఆపి డ్రాలోకి మార్చింది. బయటివారి నుంచి ఎక్కువ వసూలు చేయడం రాజ్యాంగ విరుద్ధం కాదని మోంటానా ఎల్క్ కేసులో సుప్రీంకోర్టు 1978లో తీర్పు చెప్పింది. రాష్ట్రాలకు ఆ అధికారం ఉందని 2005లో కాంగ్రెస్ చట్టం ద్వారా మళ్ళీ ధ్రువీకరించింది.

ధర వైపు చూస్తే ఈ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. వయోమింగ్‌లో రాష్ట్రవాసికి ఎల్క్ లైసెన్సు 57 డాలర్లు, బయటివారికి 692, అదే బయటివారు విడి డ్రాలో పాల్గొనే ప్రత్యేక లైసెన్సు 2024 నుంచి 1,950 డాలర్లు. పరిమిత ట్యాగులలో బయటివారి వాటా 16 శాతం. వంద ట్యాగులకు లెక్క వేస్తే 84 మంది రాష్ట్రవాసులు 4,788 డాలర్లు ఇస్తారు. 16 మంది బయటివారు మామూలు ధరకే 11,072 ఇస్తారు. అందుకే శాఖ బడ్జెట్ బయటివారి మీద వాలుతుంది, అందుకే వారి వాటా తగ్గించమని కోరే ప్రతి రాష్ట్రవాసీ ఆ లోటును ఎలా పూడుస్తారో కూడా చెప్పవలసి ఉంటుంది.

దీనికి మరో డబ్బు తోడవుతుంది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద రైఫిళ్ళు, తూటాలు, విల్లు సామగ్రి మీద 11 శాతం, పిస్తోళ్ళ మీద 10 శాతం పన్ను వసూలై రాష్ట్రాలకు చేరుతుంది. వన్యప్రాణి పునరుద్ధరణకు వచ్చే వాటాను సగం రాష్ట్ర వైశాల్యాన్ని బట్టి, సగం లైసెన్సుదారుల సంఖ్యను బట్టి పంచుతారు. పనుల ఖర్చులో నాలుగింట మూడు వంతుల వరకు కేంద్రం భరిస్తుంది, మిగతాది రాష్ట్రం పెట్టుకోవాలి. వేటగాళ్ళ లైసెన్సు డబ్బును వేరే పనులకు మళ్ళిస్తే ఈ సాయం పోతుంది. కాబట్టి ధర పెంచాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు ఆ ధరకు ఎంతమంది లైసెన్సు మానేస్తారని అడగండి, ఎందుకంటే మానేసినవారు శాఖకు రెండు విధాలా నష్టం.

ఆడవాటి ట్యాగు ధర వేరే సూత్రంతో నడవాలి. అది మందను అదుపులో ఉంచే పనిముట్టు, అమ్ముడుపోకపోతే పని జరగదు. వయోమింగ్ ఆడ ఎల్క్, పిల్లల లైసెన్సును రాష్ట్రవాసికి 43, బయటివారికి 288 డాలర్లకే ఇవ్వడంలో ఈ తెలివి ఉంది. వేలం ట్యాగులది ఇంకో లోకం: 2013లో మోంటానా బిగ్‌హార్న్ గొర్రె ట్యాగు ఒక్కటే 4,80,000 డాలర్లకు పోయింది. ఒకటీ అరా ట్యాగులతో అంత డబ్బు ఆ జంతువు సంరక్షణకే వస్తున్నప్పుడు నేను అభ్యంతరం చెప్పను, అయితే ఆ సంఖ్య పెరగనివ్వకూడదు.

పాయింట్ల పద్ధతి గురించి ఒక్క మాట. డ్రాలో ట్యాగు దొరకనివారికి పాయింటు ఇచ్చి, ఎక్కువ పాయింట్లున్నవారికి ముందు అవకాశం ఇచ్చే పద్ధతి ఇది. అది కొత్త ట్యాగు ఒక్కటీ పుట్టించదు, ఉన్నవాటికి వరుసను మాత్రమే నిర్ణయిస్తుంది. దరఖాస్తులు ట్యాగుల కన్నా వేగంగా పెరిగితే అవసరమైన పాయింట్లూ ఏటేటా పెరుగుతూ పోతాయి. న్యూ మెక్సికో, ఐడహో పాయింట్లు లేకుండానే డ్రా నడుపుతున్నాయి.

లెక్క తప్పే చోట్లు

పబ్లిక్ భూములలో తుపాకి మోగగానే ఎల్క్ ప్రైవేటు పచ్చిక బయళ్ళకు వెళ్ళిపోతుంది. మంద లక్ష్యానికి మించి ఉన్నా వేటగాడికి కనబడని యూనిట్లలో మామూలు ట్యాగులు ఎన్ని పెంచినా ఫలితం ఉండదు; ప్రైవేటు భూమిలో మాత్రమే చెల్లే ఆడవాటి ట్యాగులు, సీజను ఆఖరున అదనపు తేదీలు, భూయజమానులతో ప్రవేశ ఒప్పందాలు కోరండి. జంతువును క్రమంగా కృశింపజేసే ప్రియాన్ వ్యాధి (వంకరపోయిన ప్రోటీన్ వల్ల వచ్చేది) ఉన్న యూనిట్లలో మగవాటి నిష్పత్తి లక్ష్యాన్నే పునరాలోచించాలి. మ్యూల్ డియర్‌లో ఆ వ్యాధి పెద్ద మగవాటిలో ఎక్కువగా కనబడుతుంది గనుక, పెద్ద మగవాటిని కూడబెట్టడం వ్యాధిని కూడబెట్టడమే అవుతుంది. పెద్ద మగవాటిలో వ్యాప్తి 5 శాతం దాటితే చర్య తీసుకోవాలని కొలరాడో ప్రణాళిక చెబుతుంది. 2022-23 శీతాకాలంలో పశ్చిమ వయోమింగ్ మ్యూల్ డియర్‌ మంద దారుణంగా దెబ్బతిన్నట్టు ఒక్క చలికాలంలోనే లెక్కంతా మారిపోవచ్చు. అప్పుడు మూడేళ్ళ సగటును పక్కనపెట్టి, ఆ ఏడాది రేడియో మెడపట్టీ కట్టి గమనిస్తున్న జంతువుల మరణాల ఆధారంగానే కొత్తగా మొదలుపెట్టాలి.

సీజను ముగిశాక వేట నివేదికల మీద ఒక కన్ను వేసి ఉంచండి. పైన భాగించిన సఫలత శాతం వచ్చేది వాటి నుంచే. జంతువు దొరికినవాడు సంతోషంగా నివేదిక పంపుతాడు, దొరకనివాడు తరచుగా మానేస్తాడు; దానితో సఫలత నిజానికన్నా ఎక్కువగా కనబడి, వచ్చే ఏడాది ట్యాగులు ఉండవలసినదానికన్నా తక్కువగా తేలతాయి. మీ రాష్ట్రంలో ఖాళీ చేతులతో తిరిగివచ్చినవారు కూడా నివేదిక పంపడం తప్పనిసరో కాదో కనుక్కోండి, కాకపోతే వచ్చే సమావేశంలో మీరు అడగవలసిన మొదటి మార్పు అదే.