కుక్క తినకూడనిది తిన్నదా? లక్షణం, కారణం, చేయాల్సిన పని

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్‌లో సగం ఇళ్లు తెలుగువాళ్లవే. పండగ మర్నాడు ఎవరో ఒకరు "మావాడు నిన్నటి నుంచి ఏమీ ముట్టడం లేదండీ" అంటూ కుక్కను వెంటబెట్టుకుని వస్తారు. ఆరా తీస్తే పాయసమో, పులిహోరో, బిరియానీ ఎముకలో బయటపడతాయి. చాక్లెట్ పెట్టకూడదని అందరికీ తెలుసు. మన వంటింట్లో రోజూ ఉండే వాటి సంగతే చాలామందికి తెలియదు.

ఏది తిన్నా మొదటి పని ఒకటే. ఏం తిన్నది, ఎంత, ఎన్నింటికి, కుక్క బరువెంత అన్నది చూసుకుని వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి. "బాగానే తిరుగుతోందిగా" అని ఆగకండి. ఈ విషాల్లో కొన్ని నింపాదిగా పనిచేస్తాయి.

వాంతులు, ఆపైన నీరసం, ఒంటేలు తగ్గిపోవడం

కారణం: ద్రాక్ష, కిస్‌మిస్, చింతపండు. ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లమే కుక్క కిడ్నీలను దెబ్బతీస్తోందని 2021లో అమెరికా పశువైద్యులు ప్రతిపాదించారు. చింతపండులోనూ ఉన్నది అదే ఆమ్లం. అది తిని కిడ్నీలు చెడిన కుక్కల వివరాలు తర్వాత వచ్చాయి. అందుకే పులుసన్నం, పులిహోర మిగిలితే కుక్క గిన్నెలో వేయకండి. ద్రాక్షకైతే ఇంతవరకు పరవాలేదు అనే లెక్కే లేదు. వాంతులు సాధారణంగా మొదటి రోజే మొదలవుతాయి, కిడ్నీ దెబ్బ ఒకటి నుంచి మూడు రోజుల్లో తెలుస్తుంది.

వరలక్ష్మీ వ్రతం నాడు పాయసంలోకని తీసిన కిస్‌మిస్ గిన్నె మా ఇంట్లో కింద పడింది. నేను చీపురు తెచ్చేలోపు మా కుక్క చిన్ని నేల నాకేసింది. 9 కిలోల ఇండీ, అంటే మన నాటు కుక్క. అరగంటలో ఆసుపత్రికి తీసుకెళ్లాం, ఇంజెక్షన్‌తో కక్కించారు. నీళ్లు పీల్చి ఉబ్బిన కిస్‌మిస్‌లు ట్రేలో ఒక్కొక్కటే లెక్కపెట్టాను. పదకొండు. తర్వాత రెండు రోజులు సెలైన్, మూడు రోజులు క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష). చిన్ని నిలబడింది మేం త్వరగా వెళ్లబట్టే.

చిగుళ్లు పాలిపోవడం, ఆయాసం, టీ డికాక్షన్ రంగు మూత్రం

కారణం: ఉల్లి, వెల్లుల్లి. ఇవి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. వండినా, వేయించినా, పొడి చేసినా విషం పోదు. కిలో బరువుకు 15 గ్రాముల ఉల్లి చాలు, అంటే 10 కిలోల కుక్కకు రెండు మధ్యరకం ఉల్లిపాయలు. రోజూ కొంచెం కొంచెం కూర కలిపిన అన్నం పెట్టినా ప్రమాదమే. లక్షణాలు చాలాసార్లు మూడు నుంచి ఐదు రోజులకు గానీ కనబడవు కాబట్టి ఆదివారం బిరియానీని గురువారం ఎవరూ గుర్తుచేసుకోరు.

పై పెదవి ఎత్తి చిగురును బొటనవేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటు రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగుకు రావాలి. రాకపోయినా, చిగుళ్లు ముందే తెల్లగా ఉన్నా అదే రోజు రక్తపరీక్ష చేయించండి. ముదిరితే రక్తం ఎక్కించాల్సి వస్తుంది.

అరగంటలోనే తూలడం, కుప్పకూలడం

కారణం: జైలిటాల్, అంటే చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం. షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్‌లో, కొన్ని పీనట్ బటర్లలో ఉంటుంది. లేబుల్ మీద 967 అని రాసి ఉన్నా అదే. రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది, లివర్ కూడా చెడొచ్చు. స్పృహ ఉంటే చిగుళ్లకు తేనె రాసి, ఆ వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి.

వణుకు, గుండె దడ, నిలకడ లేకపోవడం

చాక్లెట్, లేదా కాఫీ పొడి. ఫిల్టర్‌లో మిగిలిన పిప్పిని మూత లేని చెత్తబుట్టలో వేయకండి.

ఊరికే ఓకరిస్తూ, కడుపు బిగుసుకుని, విరేచనం కాకపోవడం

ఉడికించిన ఎముక గానీ, మామిడి టెంక గానీ అడ్డుపడి ఉంటుంది. ఎక్స్‌రే తీయించాలి, అవసరమైతే ఆపరేషన్. నెయ్యి, వేపుళ్లు ఎక్కువగా తిన్నాక వీపు వంచి, ముంగాళ్లు చాపి పడుకుంటే క్లోమం వాచి ఉండొచ్చు. దానికీ డాక్టరే.

ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయొద్దు. ఆ ఉప్పే ప్రాణం తీయగలదు. పగలైతే హెబ్బాళ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. రాత్రి తెరిచి ఉండేది మీ దగ్గర్లో ఏదో ఇవాళే కనుక్కుని నంబరు ఫ్రిజ్ మీద అంటించండి. సాయంత్రం ఆరింటికి మారతహళ్లి బ్రిడ్జి దాటడానికే ముప్పావుగంట పట్టొచ్చు. బయల్దేరేటప్పుడే ఫోన్ చేసి చెబితే మీరు వెళ్లేసరికి వాళ్లు మందు సిద్ధంగా ఉంచుతారు.