వ్యంగ్య నాటిక రాద్దాం – మూడో పాఠం: నవ్వు ఎవరి మీద పడుతోంది?

కిందటి పాఠంలో ఇచ్చిన అభ్యాసం గుర్తుండే ఉంటుంది. మీ ఊళ్ళో మీకు ఒళ్ళు మండించిన ఒక వ్యవహారాన్ని తీసుకుని, ఇద్దరే మనుషులతో, ఒకే చోట జరిగేలా, నాలుగు నిమిషాల టీవీ నాటికగా రాయమన్నాను. నాకు చేరిన వాటిలో ఎక్కువ భాగం లంచం మీదే ఉన్నాయి. అందులో తప్పేమీ లేదు. అయితే దాదాపు అన్నింటిలోనూ మంచి మాటలన్నీ లంచగొండి నోట్లో పడ్డాయి, బాధితుడికి కన్నీళ్ళు మిగిలాయి. ఈ పాఠమంతా ఆ జబ్బు గురించే.

నేనూ ఆ జబ్బు పడి లేచినవాణ్ణే. చాలా ఏళ్ళ కిందట సిరిమానోత్సవం రోజుల్లో విజయనగరంలో అయ్యకోనేరు గట్టు దగ్గర ఒక చిన్న వేదిక మీద నా నాటిక వేశారు. తరువాత దాన్నే ఒక కేబుల్ ఛానెల్‌లో చూపించారు. పింఛను కోసం తిరిగే ముసలమ్మ, ఆమెను తిప్పే గుమాస్తా, అంతే కథ. "నువ్వు బతికే ఉన్నావని నాకు తెలుసమ్మా, కాగితానికి ఇంకా తెలియలేదు" అని గుమాస్తా అనగానే జనం విరగబడి నవ్వారు. నేను తెర పక్కన నిలబడి మురిసిపోయాను. అయిపోయాక ఒక పెద్దమనిషి వచ్చి నా భుజం తట్టి, "ఆ గుమాస్తా భలేవాడండీ! ఎంత తెలివి!" అన్నాడు. ముసలమ్మ వేషం వేసిన అమ్మాయిని ఎవరూ పలకరించలేదు.

ఆ రాత్రి ఇంటికి వెళ్ళి రాతప్రతి తీసి, ఎవరి మాటకు నవ్వు వచ్చిందో అంచున గీతలు పెట్టాను. గుమాస్తాకు పదిహేడు. ముసలమ్మకు ఒక్కటీ లేదు. పింఛను ఎగ్గొట్టినవాణ్ణి కథానాయకుణ్ణి చేసి, జనానికి పరిచయం చేసి వచ్చానన్నమాట.

ఈ గీతలు పెట్టడమే ఇవాళ మీరు నేర్చుకోబోయే పని. అంతకు ముందు, మనకంటే చాలా పెద్దవాళ్ళకు కూడా ఈ చిక్కు వచ్చిందని చూపిస్తాను.

గిరీశంతో గురజాడ పడ్డ పాట్లు

'కన్యాశుల్కం' మొదటిసారి విజయనగరంలో ప్రదర్శించింది 1892లో. అచ్చయింది 1897లో. దాదాపు పూర్తిగా తిరగరాసి 1909లో మళ్ళీ వేశారు. చదవనివాళ్ళకు కూడా అందులో గిరీశం తెలుసు. చుట్ట కాల్చడం నేర్పి అదే చదువనే గురువు, అప్పు ఎగ్గొట్టడానికి ఇంగ్లీషు వాడే మేధావి, వితంతు వివాహం మీద ఉపన్యాసాలిస్తూ పబ్బం గడుపుకునే సంస్కర్త. అతను మాట్లాడుతుంటే మనకు కోపం రాదు, ఇంకా మాట్లాడితే బాగుండుననిపిస్తుంది. చీపురుకట్ట పట్టుకుని పూటకూళ్ళమ్మ అతని కోసం వచ్చినప్పుడు కూడా దెబ్బ అక్కడే ఉన్న రామప్పంతులికి పడుతుంది, మన దొర జారుకుంటాడు. మనం చప్పట్లు కొడతాం.

ఇంత మురిపించే దొంగను పెట్టుకుని గురజాడ ఏం చేశారో రాతగాళ్ళుగా చూడాలి. గిరీశాన్ని తక్కువ తెలివిగా రాయలేదు. అతని మాటల్లో పదును తగ్గించలేదు. అతని ఎదుట మధురవాణి అనే వేశ్యను నిలబెట్టారు. అతని వేషాన్ని వేషంగా చూడగలిగిన మనిషి, అతనికి దీటుగా నవ్వించగలిగిన మనిషి ఆమె. చివరికి లాయరు సౌజన్యారావు పంతులు ముందు అతని బండారం బయటపడుతుంది, అతను పెళ్ళాడాలనుకున్న వితంతువు బుచ్చమ్మ చెయ్యి జారిపోతుంది. అతను పోతూ పోతూ అనే మాటకు కూడా మనం నవ్వుతాం, కానీ ఆ నవ్వు అతను పండించింది కాదు, అతని మీద పడింది. నాటకం పొడవునా అతను సంపాదించుకున్న నవ్వులన్నింటికీ అక్కడ లెక్క తేలుతుంది.

విజయనగరంలో మూడు లాంతర్ల కూడలి దగ్గర ఎవరినైనా నిలబెట్టి అడగండి, గిరీశం మాట ఒకటి చెబుతారు. మధురవాణి మాట చెప్పమంటే చాలామంది తడుముకుంటారు. అంటే గురజాడ కూడా ఈ యుద్ధం పూర్తిగా గెలవలేదేమో. ఇది నా అనుమానం మాత్రమే, పండితులు కోప్పడితే వెనక్కి తీసుకుంటాను.

ఆర్చీ బంకర్ అభిమానులు

బ్రిటన్‌లో బీబీసీ కోసం జానీ స్పైట్ అనే రచయిత ఆల్ఫ్ గార్నెట్ అనే పాత్రను సృష్టించాడు. నల్లవాళ్ళను, పరాయి దేశస్థులను, ఆడవాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టే మొండి మనిషి. వాడి మూర్ఖత్వం చూసి జనం నవ్వాలని ఉద్దేశం. దాన్ని ఆధారం చేసుకుని అమెరికాలో నార్మన్ లియర్ 1971లో 'ఆల్ ఇన్ ద ఫ్యామిలీ' మొదలుపెట్టాడు. అక్కడ ఆ పాత్ర పేరు ఆర్చీ బంకర్. దేశమంతా విరగబడి చూసింది.

1974లో నీల్ విడ్మర్, మిల్టన్ రోకీచ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. పక్షపాతం ఎక్కువగా ఉన్న ప్రేక్షకులు ఆర్చీని చూసి నవ్వడం లేదు, ఆర్చీతో కలిసి నవ్వుతున్నారని తేలింది. తమ మనసులో మాటే టీవీలో ఒకడు ధైర్యంగా అంటున్నాడని వాళ్ళ సంబరం. రచయిత గీసిన బొమ్మ ఒకటి, ప్రేక్షకుడు చూసుకున్న అద్దం మరొకటి.

అలాగని మూర్ఖుణ్ణి నవ్వించకుండా రాయలేం. రాస్తే అది వ్యంగ్యం కాదు, కరపత్రం అవుతుంది. మరేం చేయాలి? చేసి చూద్దాం.

బల్ల మీద ఒక నాటిక

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీసుకుందాం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు అక్కడి కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. కొబ్బరి చెట్టును ఇంటి పెద్దకొడుకుతో పోల్చి మాట్లాడే ప్రాంతం అది. కొత్త మొక్క పెడితే కాపుకు ఏళ్ళు పడుతుంది. ఇంత బరువైన విషయం మీద నవ్వించవచ్చా అని కొందరు అడుగుతారు. బరువు లేని విషయం మీద వ్యంగ్యం రాసి ఏం లాభం? కింది సన్నివేశం, అందులోని యాప్ పూర్తిగా కల్పితాలు.

మొదటి ప్రతి ఇలా వచ్చిందనుకోండి. లెక్క రాయడానికి వచ్చిన ఉద్యోగి, "చెట్టుకు వంద ఇస్తే లేని చెట్లు కూడా పడ్డాయని రాస్తాను" అంటాడు. రైతు దండం పెడతాడు. ఉద్యోగి ఇంకో చమత్కారం విసురుతాడు. గీతలు పెట్టి చూస్తే అన్నీ ఉద్యోగివే. పైగా అతను చెడ్డవాడు కాబట్టి కష్టం వచ్చింది, మంచివాణ్ణి పంపితే తీరిపోతుందని కథ చెబుతోంది. ప్రేక్షకుడు హాయిగా నిద్రపోతాడు.

రెండో ప్రతిలో ఆ ఉద్యోగిని నిజాయితీపరుణ్ణి చేద్దాం. మర్యాదస్థుడు, ఎండలో నడిచి వచ్చాడు, పైసా ముట్టడు.

*ఉద్యోగి: ఎన్ని చెట్లు పోయాయి, పెద్దాయనా?*
*రైతు: నలభై రెండు, బాబూ.*
*ఉద్యోగి: అయ్యో. మొదటి చెట్టు ఎత్తు చెప్పండి.*
*రైతు: పడిపోయింది కదా బాబూ. పొడవు ఉంటుంది గానీ ఎత్తు ఎక్కడిది?*
*ఉద్యోగి: (ఫోనులో వెతికి) పొడవుకు గడి లేదు. నేను అబద్ధం రాయలేను. ఎత్తు సున్నా వేస్తున్నాను.*
*రైతు: సున్నా వేస్తే ఏమవుతుంది?*
*ఉద్యోగి: (చూసి) మొక్క అంటోంది. మొక్కకు పరిహారం లేదు.*
*రైతు: ముప్పై ఏళ్ళ చెట్టు బాబూ!*
*ఉద్యోగి: వయసు ముప్పై... వేశాను. ముప్పై ఏళ్ళుగా ఎదగని మొక్క అంటోంది. విత్తనం నాసిరకమట. దానికి వేరే దరఖాస్తు ఉంటుంది, నేనే నింపి పెడతాను, మీరు శ్రమపడకండి.*

ఏం మారింది? ఉద్యోగి ఒక్క చమత్కారమూ వేయలేదు. అతను చెప్పిన ప్రతి మాటా నిజం, ప్రతి అడుగూ న్యాయంగానే ఉంది. అయినా చివరికి వచ్చేసరికి ముప్పై ఏళ్ళ చెట్టు మొక్క అయి కూర్చుంది. ఇక్కడ ఒక పరీక్ష పెట్టండి: ఆ ఉద్యోగి స్థానంలో ధర్మరాజును పెట్టినా ఇదే జరుగుతుందా? జరుగుతుందంటే మీ నవ్వు మనిషిని దాటి, ఆ గడులు గీసిన చేతి మీద పడిందన్నమాట.

రాసేటప్పుడు చేయి ఊరుకోదు, ఉద్యోగి చేత ఒక జోకు వేయించాలనిపిస్తుంది. ఆపుకోండి. తాను జోకులో ఉన్నానని పాత్రకు తెలిసిన క్షణంలో పట్టు సడలిపోతుంది. నటుడికి కూడా ఇదే చెప్పండి, కళ్ళెగరేయవద్దని.

ఇక రైతు సంగతి. ఇప్పటిదాకా అతను ప్రశ్నలు అందిస్తున్నాడు, అంతే. బుర్రకథలో కథకుడికి ఒక పక్క హాస్యం, ఇంకో పక్క రాజకీయం అని ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు నవ్విస్తే ఒకరు లోకం సంగతి గుచ్చుతారు. టీవీ నాటికలో ఆ రెండో వంత పని బాధితుడికి ఇవ్వాలని నా నియమం. ఒక్క మాట చాలు, కానీ అది అతనిదే అయి ఉండాలి.

*ఉద్యోగి: ఫోటో తీయాలి. చెట్టు పక్కన నిలబడండి.*
*రైతు: (చెట్టు పక్కనే నేల మీద కూలబడి) ఆ రోజు ఇది పడగానే నేనూ ఇలాగే పడ్డాను బాబూ. నన్ను కూడా మొక్క అంటుందేమో చూడండి.*

నవ్వు వస్తుంది, సగంలో ఆగిపోతుంది. ఆగిన చోట రెండు క్షణాలు ఖాళీ వదలండి. వెనక నవ్వుల శబ్దం పెట్టే అలవాటున్న ఛానెల్ అయితే ఇక్కడ మాత్రం వద్దని బతిమాలుకోండి.

అంకెలు ఎక్కడ పెట్టాలి

చాలామంది పాత్రల చేత గణాంకాలు చదివిస్తున్నారు. "మన జిల్లాలో ఇన్ని వేల ఎకరాలు..." అనగానే ప్రేక్షకుడి చేయి రిమోట్ మీదికి పోతుంది. మళ్ళీ గురజాడనే చూడండి. 'కన్యాశుల్కం' మొదటి ముద్రణకు ఇంగ్లీషులో రాసిన పీఠికలో, ఆనంద గజపతి మహారాజు విశాఖపట్నం జిల్లాలో తయారు చేయించిన జాబితా వివరాలు ఇచ్చారు. మూడేళ్ళలో నమోదైన కన్యాశుల్కం పెళ్ళిళ్ళు 1,034. పెళ్ళికూతుళ్ళలో అయిదేళ్ళవాళ్ళు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ పసికందుల వెల 350 నుంచి 400 రూపాయల దాకా.

చదువుతుంటే గుండె గతుక్కుమంటుంది. నాటకంలో ఈ అంకెలు ఎవరి చేతా చెప్పించలేదు. దానికి బదులు ఒక మగపిల్లవాడికి ఆడవేషం వేసి, డబ్బిచ్చి చిన్నపిల్లను చేసుకోబోయిన ముసలి లుబ్ధావధాన్లుకే కట్టబెట్టి, బేరం చేయించారు. అంకెలు నోటుపుస్తకంలో ఉండాలి, పాత్ర నోట్లో కాదు. అయితే నోటుపుస్తకంలో ఉండి తీరాలి. అవి లేకుండా రాసేవాడు గాలిలో కత్తి తిప్పుతాడు.

పెద్దవాళ్ళు చప్పట్లు కొడితే

దూరదర్శన్‌లో 1989లో హాస్యనటుడు జస్పాల్ భట్టీ 'ఫ్లాప్ షో' పది భాగాలే వచ్చింది. పరిశోధక విద్యార్థి చేత ఇంటి చాకిరీ చేయించుకునే గైడు, తెగని మీటింగులు, టెలిఫోను పాట్లు, అన్నీ మనం రోజూ చూసినవే. ఎవరిని వెక్కిరించాడో ఆ భాగాన్ని వినయంగా వాళ్ళకే అంకితమిచ్చేవాడు. ఎంత మర్యాదగా వాత పెట్టవచ్చో అందులో నేర్చుకోండి.

బ్రిటన్‌లో 'యెస్ మినిస్టర్' కథ ఇంకో రకం. రాజకీయ నాయకుణ్ణి అధికారులు ఎలా ఆడిస్తారో చూపించిన ఆ ధారావాహిక మార్గరెట్ థాచర్‌కు ఎంత నచ్చిందంటే, 1984లో ప్రధానిగా ఉంటూనే ఆ నటులతో కలిసి ఒక చిన్న సన్నివేశం వేసింది. మీ నాటికను ఎమ్మార్వో మెచ్చుకుంటే సంతోషించండి, కానీ ఆ రాత్రి ఇంటికి వెళ్ళి మళ్ళీ గీతలు పెట్టి చూసుకోండి.

చట్టం గురించి రెండు మాటలు. నిజమైన మనుషుల పేర్లు పెట్టకండి, హోదాను రాయండి. పరువు నష్టం 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కిందికి వచ్చింది. అలాగని భయపడి మూలన కూర్చోనక్కర్లేదు. ఒక బెంగాలీ వ్యంగ్య చిత్రాన్ని హాళ్ళలోంచి తీయించినందుకు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 20 లక్షల రూపాయలు పరిహారం చెల్లించాలని 2019లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఈసారి అభ్యాసం

కిందటిసారి రాసిన నాటికే తీయండి, కొత్తది వద్దు. వంకర పోయే పాత్ర నుంచి చమత్కారాలన్నీ కొట్టేయండి. అతన్ని నిజాయితీపరుణ్ణి చేయండి, కథ ఇంకా నిలబడుతుందేమో చూడండి. నిలబడకపోతే మీకు కోపం తెప్పించింది నిజంగా ఏమిటో మళ్ళీ వెతుక్కోవాలి. ఎక్కువమందికి ఇక్కడే ఒక వారం పడుతుంది, కంగారు వద్దు.

తరువాత ఇంట్లో ఎవరికైనా, గొంతు మార్చకుండా, రేషన్ కార్డు చదివినట్టు చదివి వినిపించండి. పెన్సిల్ ఇంకొకరి చేతికిచ్చి, వాళ్ళకు నవ్వొచ్చిన చోటల్లా గీత పెట్టమనండి. మా ఇంట్లో ఆ పెన్సిల్ మా ఆవిడ దగ్గర ఉంటుంది. గీతలకంటే ఎక్కువగా ప్రశ్నార్థకాలు పెడుతుంది.

నాటికను ఎలా ముగించాలన్నది నాలుగో పాఠంలో చూద్దాం. అందాకా ఆ రైతును చెట్టు పక్కనే కూర్చోనివ్వండి. ఫోటో ఇంకా తీయలేదు.