విమానం టికెట్టు కొనే ముందు ఒక లెక్క

హుస్సేన్‌సాగర్ చాలక సముద్రానికి పనికొచ్చే తెరచాప పడవ కొనాలంటే, హైదరాబాదు నుంచి చూసి రావడానికే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ముందు ఫోనులో లెక్క వేయండి. పడవ బరువు కిలోలను 2.2తో గుణించి, 64తో భాగించి, ఘనమూలం తీయండి. పడవ వెడల్పును అడుగుల్లో తీసుకుని, వచ్చిన అంకెతో భాగించండి. జవాబు 2 దాటితే నడిసముద్రంలో బోల్తా పడే భయం ఎక్కువ.

నేను చూసిన రెండు పడవలూ 36 అడుగుల పొడవువే. 6500 కిలోల బరువు, 11.5 అడుగుల వెడల్పు ఉన్నదానికి 1.9 వచ్చింది. 5400 కిలోలు, 12.3 అడుగులు ఉన్నదానికి 2.16. గదులు విశాలంగా ఉన్నాయని మా ఆవిడకు ఈ రెండోదే నచ్చింది, అయినా వదిలేశాం.

ఒక్క జాగ్రత్త: బరువు ఎక్కడుందో ఈ లెక్కకు తెలియదు. బరువు కోసం పెట్టే సీసం పడవ అడుగున ఉన్నా తెరచాప స్తంభం కొసన ఉన్నా జవాబు ఒకటే. అందుకే కీల్, అంటే పడవను నిటారుగా నిలిపే అడుగు రెక్క, బరువెంతో విడిగా అడగండి.