ఫ్రాస్ట్‌పంక్‌లో బొగ్గు కొరత ఇలా తీరింది

విశాఖలో డిసెంబరులో కూడా ఫ్యాన్ లేకుండా నిద్ర పట్టదు. చలి కావాలంటే లంబసింగికో అరకుకో పోవాల్సిందే. అలాంటి ఊళ్లో కూర్చుని, 2018లో వచ్చిన ఫ్రాస్ట్‌పంక్ అనే వీడియో గేమ్‌లో మంచు మధ్య 80 మందిని బతికించాలి. నడిబొడ్డున ఒక జనరేటర్ ఉంటుంది. అందులో బొగ్గు అయిపోతే నగరం గడ్డకట్టిపోతుంది. నాకు ప్రతిసారీ తెల్లవారుజామున బొగ్గు నిండుకునేది, జబ్బుపడ్డవాళ్లు పెరిగేవారు. ఒకటే టెన్షన్.

మా తమ్ముడు పక్కన కూర్చుని చూసి, "అన్నయ్యా, పగలు గుడారాల్లో ఎవరూ లేరు కదా, మరి జనరేటర్ ఎందుకు?" అన్నాడు. అక్కడే దారి దొరికింది. పని వేళలు ఉదయం 8 నుంచి సాయంత్రం 6 దాకా. మొదట్లో చలి మైనస్ 20 దగ్గరే ఉంటుంది కాబట్టి పొద్దున జనరేటర్ ఆపి, జనం ఇళ్లకు చేరే వేళకు వెలిగిస్తున్నాను. వైద్యశాల చల్లబడినట్టు చూపిస్తే మాత్రం ఆపను, రోగులు ముఖ్యం.

బొగ్గు కుప్పల దగ్గరికి మనుషుల్ని నేరుగా పంపకుండా, మధ్యలో సేకరణ కేంద్రం కట్టాను. దానికి సొంత వెచ్చదనం ఉంటుంది, పైగా ఒకే కేంద్రం చుట్టుపక్కల కుప్పలన్నిటినీ చూసుకుంటుంది. జనరేటర్‌ని ఆనుకుని ఇళ్లు, వైద్యశాల. గిడ్డంగులు బయటి వలయంలో.

ఉష్ణోగ్రత ఎప్పుడు పడిపోతుందో పైనున్న సూచికలో ముందే కనిపిస్తుంది. ఆ లోపు బొగ్గు వెలికితీత పరిశోధన పూర్తి చేయాలి. నేనైతే ఇంకేదీ దానికంటే ముందు పెట్టను.