బ్లూస్, జైడెకో లైవ్‌లో వినాలనుందా? న్యూ ఆర్లీన్స్ జాజ్ ఫెస్ట్‌కు ఇలా ప్లాన్ చేసుకోండి

బ్లూస్ అంటే అమెరికా నల్లజాతివాళ్ల పాట, జైడెకో అంటే లూసియానా రాష్ట్రంలో పుట్టిన డాన్స్ సంగీతం. ఈ రెండూ ఒకే మైదానంలో దొరకాలంటే నేను ముందు చెప్పే పేరు అదే రాష్ట్రంలోని న్యూ ఆర్లీన్స్ జాజ్ అండ్ హెరిటేజ్ ఫెస్టివల్. అక్కడి వాళ్లు జాజ్ ఫెస్ట్ అని ఊరుకుంటారు. 1970లో ఆ ఊళ్లోని కాంగో స్క్వేర్‌లో చిన్నగా మొదలైంది. 1972లో ఫెయిర్ గ్రౌండ్స్ అనే గుర్రపు పందేల మైదానానికి మారింది. ఏప్రిల్ చివర, మే మొదట్లో వచ్చే వారాంతాల్లో ఉదయం 11 నుంచి సాయంత్రం 7 దాకా నడుస్తుంది. హ్యూస్టన్‌లో ఉండే మనవాళ్లైతే ఐ-10 హైవే ఎక్కి దాదాపు ఐదున్నర గంటల్లో చేరుకోవచ్చు.

1. టికెట్ ముందే కొనండి, కారు మరిచిపోండి

తేదీలు, టికెట్ ధరలు ఏటా మారతాయి కాబట్టి అధికారిక వెబ్‌సైట్ చూసుకోండి. మైదానం చుట్టూ ఉన్నవన్నీ ఇళ్లే. పార్కింగ్ కోసం సందులన్నీ తిరిగే బదులు షటిల్ బస్సు ఎక్కడం నయం. లోపల క్యాష్ పనిచేయదు, కార్డు ఉండాలి. బయటి తిండి, కుర్చీల సైజు విషయంలో రూల్స్ ఉంటాయి, గేటు దగ్గర గొడవ పడకుండా అవి ముందే చదువుకోండి.

టికెట్ ఖర్చు ఎక్కువనిపించే స్టూడెంట్లకు ఉచితంగా జరిగేవీ ఉన్నాయి. జైడెకో కోసం లూసియానాలోనే ఉన్న లాఫయెట్‌లో అక్టోబరులో జరిగే ఫెస్టివల్స్ అకాడియన్స్ ఎ క్రియోల్, బ్లూస్ కోసం షికాగోలో జూన్‌లో జరిగే బ్లూస్ ఫెస్టివల్.

2. రోజుకు రెండు స్టేజీలు చాలు

పదికి పైగా స్టేజీలుంటాయి. అన్నీ చూసేద్దామని పరిగెత్తితే ఏ పాటా మొదటి నుంచి చివరిదాకా వినరు. మీకు కావాల్సినవి రెండే: బ్లూస్ టెంట్, జైడెకో వినిపించే ఫే డోడో స్టేజీ. చివర్లో వచ్చే పెద్ద స్టార్ల కోసం పెద్ద స్టేజీల ముందు మధ్యాహ్నమే చోటు పట్టుకుని కూర్చునేవాళ్లుంటారు. నన్నడిగితే ఆ సమయం ఫే డోడో దగ్గర గడపడమే మేలు.

3. బ్లూస్ టెంట్‌లో కూర్చుని వినండి

నీడ ఉంటుంది, కుర్చీలుంటాయి. ఎండ ముదిరే వేళకు ఇక్కడికి వచ్చేయండి, కాస్త ముందే వస్తే సీటు దొరుకుతుంది.

చాలా బ్లూస్ పాటలు పన్నెండు బార్ల చట్రంలో తిరుగుతాయి. బార్ అంటే మన తాళంలో ఒక ఆవర్తం లాంటిది. ఒక్కో బార్‌కు నాలుగు దెబ్బలు, మొత్తం నలభై ఎనిమిది. గాయకుడు ఒక లైను పాడతాడు, అదే లైను మళ్లీ అంటాడు, మూడో లైనుతో విషయం తేల్చేస్తాడు. ప్రతి లైను తర్వాత కొంచెం ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో గిటారో, మౌత్ ఆర్గానో జవాబు చెబుతుంది. బుర్రకథలో కథకుడికి పక్కవాళ్లు వంత పాడినట్టే అనుకోండి. ఒక్క పాటకు వేళ్ల మీద బార్లు లెక్కపెట్టి చూడండి, తర్వాత లెక్క అక్కర్లేదు, ఎక్కడ మలుపు తిరుగుతుందో చెవికే తెలుస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లు పాట మధ్యలోనే కేకలు వేస్తుంటారు. అది అల్లరి కాదు, సంగీతకారుడికి అందుతున్న జవాబు. మీరూ కలపండి.

4. జైడెకోకు మాత్రం లేచి నిలబడండి

లూసియానా నైరుతి ప్రాంతంలో ఫ్రెంచ్ మాట్లాడే నల్లజాతి క్రియోల్ రైతు కుటుంబాలు ఇళ్లలో చేసుకునే డాన్సుల నుంచి వచ్చింది ఈ సంగీతం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దానికి రిథమ్ అండ్ బ్లూస్ తోడైంది. ఓపెలూసస్ ప్రాంతంలో 1925లో పుట్టిన క్లిఫ్టన్ షెనియే పియానో అకార్డియన్‌తో (మెడలో వేసుకుని తిత్తి లాగుతూ, పియానో మెట్లు నొక్కుతూ వాయించేది) దాన్ని ఊళ్లు దాటించాడు. వెళ్లే ముందు ఆయన పాటలు, ఆ తర్వాత బూజూ చావిస్ పాటలు వినండి. బూజూది మెట్లకు బదులు బటన్లుండే అకార్డియన్, తేడా వెంటనే పట్టేస్తారు.

స్టేజీకి ఒక పక్కగా, రబ్‌బోర్డు వాయించే మనిషి చేతులు కనిపించేలా నిలబడండి. భుజాల మీంచి ఛాతీ మీదకు వేలాడే ముడతల ఇనప రేకు అది. బట్టలు ఉతికే రేకు బల్లే దానికి మూలం. 1946లో క్లిఫ్టన్, టెక్సస్‌లోని పోర్ట్ ఆర్థర్ రిఫైనరీలో తనతో పనిచేసే వెల్డర్ చేత భుజాలకు తగిలించుకునేలా చేయించాడు. దాన్ని అన్న క్లీవ్‌లాండ్ వాయించేవాడు. చెంచాలతోనో, రెండు చేతుల్లో సీసా మూత ఓపెనర్లతోనో గీకుతారు. ఒక చెయ్యి కిందికి దిగుతుంటే ఇంకోటి పైకి లేస్తుంది, పాట వేగం పెరిగేకొద్దీ ఆ రెండు చేతులూ కంటికి ఆనవు. డ్రమ్ముల మోతలో కూడా ఆ గరగర విడిగా వినిపిస్తుంది.

అడుగులు తేలికే: ఒకటి నెమ్మదిగా, రెండు చకచకా. మోకాళ్లు కొద్దిగా వంచి, భుజాలు కదలకుండా ఉంచండి. గెంతక్కర్లేదు. ఇది జంట డాన్సు. ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చి డాన్స్ చేస్తారా అని అడిగితే కంగారు పడకండి, అక్కడ అది మామూలే. ఇష్టం లేకపోతే నవ్వి వద్దనొచ్చు. చేస్తే పాట అయ్యాక థాంక్స్ చెప్పి ఎవరి దారిన వాళ్లు వెళ్తారు.

5. తిండి, ఎండ, వాన

గంబో (చిక్కటి పులుసు), జంబలాయా (మసాలా అన్నం) రెండింట్లో సాధారణంగా సాసేజో, చికెనో, రొయ్యలో ఉంటాయి. రెడ్ బీన్స్ అన్నం చూడటానికి శాకాహారమే అనిపిస్తుంది కానీ తరచుగా పోర్క్ వేసి ఉడికిస్తారు. తినని వాళ్లు మొహమాట పడకుండా అడగండి. టోపీ, సన్‌స్క్రీన్, నీళ్లు తప్పనిసరి. పిల్లలుంటే చెవులకు ఇయర్‌మఫ్‌లు పెట్టండి. వాన పడితే మైదానం బురదైపోతుంది, చెప్పులతో వెళ్తే చెప్పులు అక్కడే ఉండిపోతాయి. మెరుపులొస్తే ప్రోగ్రాం ఆపుతారు కాబట్టి మొదటి వాన చినుకుకే హోటల్‌కు పరిగెత్తకండి, మళ్లీ మొదలవ్వచ్చు.

6. ఏడింటికి ఇంటికెళ్లబుద్ధి కాకపోతే

గురువారం రాత్రి ఊళ్లో ఉంటే క్యారల్టన్ అవెన్యూలోని రాక్ ఎన్ బౌల్ చూడండి. అది బౌలింగ్ ఆడే చోటు, పక్కనే డాన్స్ ఫ్లోర్. గురువారాలు జైడెకోకు పేరు. ఆ వారం షో ఉందో లేదో కనుక్కుని వెళ్లండి, బురద బూట్లు మార్చుకుని.